కప్పు మీద జనం, సందులో జనం

చిలమత్తూరు నుంచి లేపాక్షి వైపు పోతుంటే గుండ్రాళ్ళ గుట్టలు, చెనక్కాయ చేలు, రాగి చేలు, వాటి నడుమ బోరు కింద పచ్చగా మల్బరీ తోటలు. హిందూపురం పట్టుగూళ్ళ మార్కెట్టు దగ్గర్లోనే ఉంది కాబట్టి ఈ పక్క రైతుకు పట్టుపురుగు ఏడాదిలో నాలుగైదు సార్లు డబ్బు కళ్ళచూపే పంట. తోటను ఆనుకునే పురుగుల షెడ్డు ఉంటుంది, గుమ్మంలో సున్నం చల్లి ఉంటుంది. అలాంటి ఒక షెడ్డు ముందు బండి ఆపాను.

"చెప్పులు ఆడనే ఇడ్సి, సున్నంలో కాలు పెట్టి రాండన్నా" అంది లోపల ఆకు పరుస్తున్న ఆమె. పురుగులు నాలుగో జ్వరం, అంటే నాలుగోసారి పొర విడవడం, దాటాయట. ఇంకో వారం దినాలు రేయింబవళ్ళు ఆకు మేసి, ఆ పైన చంద్రికల మీదికి ఎక్కుతాయి. వెదురు తట్ట మీద చుట్లు చుట్లుగా అల్లిన బద్దలే చంద్రిక. ఆ బద్దల సందుల్లో పురుగు గూడు కట్టుకుంటుంది. "సందు సాలకుంటే రెండు పురుగులు కల్సి ఒకే గూడు కడతాయి. జంటగూడు అంటాం. దాన్లో దారం సక్కంగా రాదు. మార్కెట్లో పక్కకు తీసేస్తారు" అంది. షెడ్డుకు నాలుగు పక్కలా కిటికీలున్నాయి. ఎదురుగా ఉన్న ఆమె ఇంటికి ఒక్కటే. అటు చూస్తున్న నన్ను చూసి తనే చెప్పింది: "పురుగుకు గాలి లేకుంటే రోగమొస్తాది. మనిషి ఎట్లనో ఒగట్ల బతుకుతాడు."

ఆ మాట నాలో గట్టిగా నాటుకుంది. కారణం నా సంచిలో ఉన్న బొమ్మ.

అది అమెరికా చిత్రకారుడు జార్జ్ బెలోస్ 1913లో వేసిన 'క్లిఫ్ డ్వెల్లర్స్' అచ్చు ప్రతి. క్లిఫ్ డ్వెల్లర్స్ అంటే కొండచరియల్లో కాపురమున్నవాళ్ళు. అమెరికా నైరుతి దిక్కున పూర్వం ప్యూబ్లో జనం కొండచరియల్లో రాతి ఇళ్ళు కట్టుకున్నారు. బెలోస్ ఆ పేరు తెచ్చి న్యూయార్క్ లోయర్ ఈస్ట్ సైడ్ అద్దె మేడలకు పెట్టాడు. ఎండాకాలం. గదుల్లో ఉక్క భరించలేక జనమంతా బయటికి వచ్చేశారు. మెట్ల మీద, కిటికీల్లో, గోడలకు వేలాడే ఇనుప నిచ్చెనల మీద, వీధి అరుగు మీద, ఎక్కడ చూసినా మనుషులే. ముందువైపు పిల్లలు దొర్లుతూ కొట్లాడుకుంటూ ఉంటారు, తెల్ల గౌను తొడుక్కున్న ఒకామె ఒక పిల్లను గద్దిస్తూ ఉంటుంది. వెనకాల ఆ జనంలోనే ట్రాము ఇరుక్కుపోయింది. మేడకూ మేడకూ నడుమ తాళ్ళు కట్టి బట్టలు ఆరేశారు. సందు సగం నీడలో ఉంది, ఎదురు గోడ మీద మాత్రం ఎండ పచ్చగా పడుతోంది. మీటరు దాటిన, దాదాపు చదరపు కాన్వాసు. ఇప్పుడు లాస్ ఏంజెలెస్ కౌంటీ మ్యూజియంలో ఉంది.

ఆ మేడల సంగతి అప్పటికే ఊరికంతా తెలుసు. పాత్రికేయుడు జేకబ్ రీస్ 1890లో ఆ గదుల ఫొటోలతో పుస్తకం వేశాడు. 1901లో న్యూయార్క్ రాష్ట్రం చట్టం తెచ్చి, కొత్తగా కట్టే అద్దె మేడల్లో గాలీ వెలుతురూ ఉండాలని నియమాలు పెట్టింది. పాత మేడలూ జనమూ మాత్రం అలాగే ఉండిపోయారు. బెలోస్ ఇదే దృశ్యాన్ని ఒక గీతచిత్రంగా కూడా వేశాడు. అది 1913లో 'ది మాసెస్' అనే సోషలిస్టు పత్రికలో అచ్చయింది. వీళ్ళంతా సెలవులకు పల్లెటూరికి ఎందుకు పోరో అనే ప్రశ్నే దాని శీర్షిక. గీతచిత్రంలో కోపం పైకి తెలుస్తుంది. నూనెరంగుల చిత్రంలో ఆ కోపం ఉంది కానీ, దానికన్నా ఎక్కువగా మనుషుల మీద ఆసక్తి ఉంది. ఆ ఇరుకులో కూడా ఒకామె నవ్వుతోంది, ఇంకొకామె కునుకు తీస్తోంది, పిల్లలకు ఆ వీధే సర్వస్వం. పేదరికాన్ని చూపించి జాలి పుట్టించడంతో అతను సరిపెట్టుకోలేదు. ఆ వీధిలో ఎన్ని పనులు ఒకేసారి జరుగుతున్నాయో లెక్కపెట్టమని మనకు చెబుతున్నాడు. నాకు ఈ చిత్రం మీద ఇంత ఇష్టం అందుకే.

దాన్ని లేపాక్షికి తీసుకుపోవాలని ఎప్పటినుంచో ఉంది. మన దక్షిణాదిలో ఒకే కప్పు కింద అంతమంది మనుషుల్ని రంగుల్లో చూడాలంటే లేపాక్షిని మించిన చోటు తక్కువ. ఆ జనాన్నీ ఈ జనాన్నీ పక్కపక్కన పెట్టి చూడాలనుకున్నాను.

లేపాక్షిలో కూర్మశైలం అని పేరున్న చిన్న రాతి గుట్ట మీద వీరభద్రాలయం ఉంది. అచ్యుతదేవరాయల కాలంలో, 1530ల్లో, పెనుకొండలో రాజోద్యోగిగా ఉన్న విరూపణ్ణ, అతని తమ్ముడు వీరణ్ణ కట్టించారు. వేలాడే స్తంభం కిందుగా గుడ్డ లాగి చూసే వరుసలో నేను నిలబడలేదు. విరూపణ్ణ తన కళ్ళు తానే పీకి గోడకు కొట్టుకున్న కథా అందరూ ఎరిగిందే. నేను తల పైకెత్తాను.

అర్ధమండపం కప్పు నిండా వీరభద్రుడే. కప్పు ఈ చివర నుంచి ఆ చివరదాకా ఒక్కడే పరుచుకుని ఉన్నాడు. అతని పాదాల దగ్గర గుడి కట్టించిన అన్నదమ్ములు, వాళ్ళ పరివారం, నెత్తిన పొడుగాటి కుళ్ళాయిలు. దేవుడి కాలి ముందు ఉద్యోగి చీమంత. ఎవరికెంత చోటు అన్నది ఇక్కడ హోదానుబట్టే తేలుతుంది. బెలోస్ కాన్వాసులో దగ్గరున్నవాళ్ళు పెద్దగా, దూరమున్నవాళ్ళు చిన్నగా ఉంటారు. అక్కడ కొలత కంటిది, ఇక్కడ కొలత భక్తిది. రెండూ నిజాయితీగల కొలతలే.

నాట్యమండపంలోకి వస్తే మాత్రం కొలత మారిపోతుంది. స్తంభాల వరుసల మధ్య కప్పు పొడవాటి పట్టీలుగా విడిపోయి ఉంది. ఆ పట్టీల్లో కథలు నడుస్తాయి. శివపార్వతుల కల్యాణం, ద్రౌపదీ స్వయంవరం, అర్జునుడికీ కిరాతుడికీ నడుమ పంది వేట. ఇక్కడ రాజు, చామరం పట్టిన దాసి, వేటగాడు, ముని అంతా ఇంచుమించు ఒకే ఎత్తు. వరుసగా, భుజానికి భుజం తగిలేట్టు నిలబడ్డారు. సున్నపు గచ్చు మీద ఎర్రమన్ను, పచ్చమన్ను, మసి, సున్నపు తెలుపు, ఆకుపచ్చ అక్కడక్కడ. ముఖాలు ఎక్కువగా పక్కకు తిరిగి ఉన్నవే, నల్లని గీతతో అంచు కట్టినవే. నిమ్మలకుంట తోలుబొమ్మలు చూసినవాళ్ళకు ఆ ముక్కులూ ఆ కళ్ళూ వెంటనే పరిచయంగా అనిపిస్తాయి.

వాళ్ళ బట్టల దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. వరుసలో ఆరుగురు ఆడవాళ్ళుంటే ఆరు చీరలు ఆరు రకాలు. ఒకదానికి చారలు, ఒకదానికి గళ్ళు, ఒకదానికి హంసల బారు, ఒకదానికి అంచు మాత్రమే దట్టంగా. కొప్పుల ముడి కూడా ఒకరిది ఒకరిని పోలి ఉండదు. కథకు ఆ చెలికత్తెలతో పని లేదు. పార్వతికి పెళ్ళి కావడానికి వెనకాల నిలబడ్డ నాలుగో ఆమె చీరకు గళ్ళుంటే ఏమి, చారలుంటే ఏమి? అయినా చిత్రకారుడు ఆమెకు ఆమె చీర ఇచ్చాడు. ఈ గుడి మీద అన్నా డల్లాపిక్కోలా, జార్జ్ మిషెల్ తదితరులు 2019లో తెచ్చిన పుస్తకానికి బ్రిగిట్ ఖాన్ మజ్లిస్ అనే వస్త్రచరిత్ర పండితురాలు కూడా ఒక రచయిత్రి కావడం ఊరికే జరగలేదు. ఆ కాలంలో ఇక్కడ ఏమి కట్టుకునేవారో చూడాలంటే ఈ కప్పే ఆధారం. ఆ మాత్రం గమనింపు ఉన్న చెయ్యికి వాస్తవ చిత్రణ చేతకాదని అనలేం. గళ్ళచీర గీసినవాడికి గళ్ళచీర నేసినవాడి ఇల్లు తెలియకుండా ఉండదు.

అయితే ఆ ఇల్లు కప్పు మీద లేదు. ఎంతసేపు వెతికినా కనిపించేది సభ, పెళ్ళి, వేట, పూజ. జనమంతా ఏదో ఒక సందర్భానికి ముస్తాబై బయటికి వచ్చినవాళ్ళే. పొయ్యి లేదు, పక్క లేదు, ఆరేసిన బట్ట లేదు. ఇంట్లో తీరిగ్గా ఉన్నది శివపార్వతులు మాత్రమే, పాచికలాడుతూ.

వీధి మాత్రం ఒకచోట ఉంది. మనునీతి చోళుడి కథ. యువరాజు రథం కింద లేగదూడ పడి చచ్చిపోతుంది, తల్లి ఆవు వచ్చి ధర్మగంట కొడుతుంది, రాజు తన కొడుకునూ అదే రథం కింద వేయమంటాడు. నడివీధిలో జరిగిన ప్రమాదం, దిక్కులేనిది వచ్చి న్యాయం అడగడం. ఈ కప్పు మీద మామూలు లోకానికి బాగా దగ్గరగా వచ్చింది ఈ పట్టీయే అని నాకనిపిస్తుంది. సంచిలోంచి బెలోస్ అచ్చు తీసి దాని కింద పట్టుకుని చూశాను. అక్కడ ట్రాము, ఇక్కడ రథం. అక్కడ చక్రాల పక్కనే పిల్లలు ఆడుకుంటున్నారు. పక్కనే ఉన్న ఒక పెద్దాయన, గుడికి తరచుగా వచ్చేవాడిలాగుంది, నా చేతిలో బొమ్మ చూసి, "ఇది యా ఊరు సామీ, బెంగుళూరా?" అన్నాడు. న్యూయార్క్, నూరేళ్ళ కిందటిది అన్నాను. ఇంకొంచెం దగ్గరికి లాక్కుని చూశాడు. "బట్టలు ఆరేసేదానికీ తావు లేదు పాపం" అన్నాడు. ఆయన చూపు సూటిగా తాళ్ళ మీదికే పోయింది.

బయటి ప్రాకారంలో రాతి నేల మీద పళ్ళాలు చెక్కి ఉన్నాయి. నడుమ పెద్ద గుంట, చుట్టూ చిన్న చిన్న గుంటలు. గుడి కట్టిన కూలీలకు ఇందులోనే అన్నం పెట్టేవారని కొందరు, చిత్రకారులు ఇందులో రంగులు కలుపుకునేవారని కొందరు చెబుతారు. ఏది నిజమైనా, ఇంత పెద్ద గుడిలో పని చేసినవాళ్ళ బతుకుకు మిగిలిన గుర్తు ఇదొక్కటే. దాని పక్కన పైకప్పు లేని కల్యాణమండపం. పని ఆగిపోయిన రోజు ఆ కూలీలు మూటాముల్లె సర్దుకుని ఎటు పోయారో ఏ శాసనమూ చెప్పదు. 2022లో ఈ ఆలయాన్నీ, ఊరి మొదట్లో ఉన్న ఏకశిలా నందినీ యునెస్కో తాత్కాలిక జాబితాలో చేర్చారు. మంచిదే. కప్పు మీద రంగు పెచ్చులుగా ఊడిన చోట్లు చూస్తే ఆ జాబితా కన్నా ముందు చేయాల్సిన పనులు గుర్తుకొచ్చి మనసు కుదుటపడదు.

హిందూపురంలో రైలెక్కి ధర్మవరం వైపు వచ్చాను. పెనుకొండ కొండ, కోట గోడలు కిటికీలోంచి సాగిపోయాయి. 1565లో తల్లికోట యుద్ధంలో ఓడిపోయాక విజయనగర రాజులు తలదాచుకున్న రాజధాని ఇది. దాని పక్కనే ఎర్రమంచి దగ్గర 2019 నుంచి కార్లు తయారవుతున్నాయి. పెట్టెలో నా ఎదుట కూర్చున్న కుర్రాళ్ళు ఆ చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ళే. ఒకే గదిలో ఐదుగురం ఉంటామని, షిఫ్టులు వేరు వేరు కావడంతో పడుకోవడానికి ఇబ్బంది లేదని చెప్పారు. ఒకడు లేచి పోగానే ఆ చాప మీద ఇంకొకడు పడుకుంటాడు. లోయర్ ఈస్ట్ సైడ్ గదుల్లోనూ పరుపులు ఇలాగే వంతులవారీగా నడిచేవి.

మన దేశంలో ఈ ఇరుకును జీవితమంతా చిత్రించినవాడు సుధీర్ పట్వర్ధన్. ఠాణేలో ఎక్స్‌రేలు చూసే డాక్టరుగా పనిచేస్తూనే బొంబాయి లోకల్ రైళ్ళు, ఇరానీ హోటళ్ళు, చాల్ అనే వరుస గదుల ఇళ్ళు, మిల్లుల పేటలు వేశాడు. ఆ మిల్లుల మగ్గాల మీద మన పద్మశాలీలు తరతరాలు పనిచేశారు. వాళ్ళకన్నా ముందు, బొంబాయిలో ఇళ్ళూ రోడ్లూ కట్టడానికి నిజాం సీమ నుంచి పోయిన తెలుగు కామాటీల పేరు మీదే కామాఠీపుర వెలిసింది. అంటే ఆ నగరపు ఇరుకు గదుల్లో మనవాళ్ళు మొదటినుంచీ ఉన్నారు. పట్వర్ధన్ బొమ్మల్లో గుంపులో నిలబడ్డ మనుషుల్ని చూసినప్పుడల్లా వీళ్ళలో ఎంతమంది ఇంట్లో తెలుగు మాట్లాడతారో అనుకుంటాను.

ధర్మవరంలో పట్టుచీరల దుకాణాల వీధి వెడల్పుగా, అద్దాలతో, వెలుగుతో ఉంటుంది. దాని వెనక్కి నడిస్తే సందులు మొదలవుతాయి. మధ్యాహ్నం ఏ ఇంటి ముందు నిలబడినా మగ్గం చప్పుడు వినిపిస్తుంది. తెలిసిన ఒక నేతగాడి ఇంటికి పోయాను.

ముందుగదిలో ముప్పాతిక భాగం మగ్గమే. నేలలో గుంత తీసి, గుంతలో కాళ్ళు పెట్టి, నేల మట్టాన కూర్చుని నేస్తాడు. నెత్తి మీద జాకార్డు పెట్టె, దానికి వేలాడే చిల్లుల అట్టల దండ. చీర మీద ఏ హంస ఎక్కడ రావాలో ఆ చిల్లులే చెబుతాయి. మగ్గానికీ గోడకూ నడుమ మనిషి పక్కకు తిరిగి నడిచేంత దారి. ఆ దారి చివర వంట. పక్కబట్టలు చుట్టి దూలానికి కట్టారు. ముసలామె గడపలో కూర్చుని కండెలు చుడుతోంది, ఎందుకంటే వెలుతురు అక్కడే ఉంది. కోడలు, ఇంకొకామె కలిసి కొత్త పడుగు పోగుల్ని పాత పోగులకు ఒక్కొక్కటిగా మెలిపెట్టి అతుకుతున్నారు. వేల పోగులు. పది చదువుతున్న పిల్ల మగ్గం మీది బల్బు వెలుగులోనే పుస్తకం పట్టుకుని కూర్చుంది. పట్టుపోగుకు దుమ్ము తగలకూడదు, తేమ మారకూడదు, అందుకని కిటికీ సగం మూసే ఉంటుంది. వాన ఎక్కువైతే గుంతలోకి నీరు ఊరుతుంది, అప్పుడు మగ్గం ఆగిపోతుంది. మగ్గం ఆగితే ఇంట్లో చోటు పెరగదు, డబ్బు తగ్గుతుంది. మరమగ్గాల చీర పక్కన తమ చీర ధర నిలవడం లేదని ఆయన చెప్పుకొచ్చాడు. ఆ మాట చెబుతున్నంతసేపూ నాడె ఆగలేదు.

ఆరు అడుగుల వెడల్పు సందులో, ఎదురింటికీ ఈ ఇంటికీ కట్టిన తీగ మీద, నూలు చీరలు, లుంగీలు, బడి యూనిఫారాలు ఆరుతున్నాయి. ఆ ఇంట్లో పట్టుచీరలు రోజూ పుడతాయి, తీగ మీద మాత్రం ఒక్కటి కూడా లేదు. మగ్గం మీద ఉన్నదానికి గళ్ళ నేత, హంసల అంచు. లేపాక్షి కప్పు మీద నాలుగో చెలికత్తె కట్టుకున్నదానికి బంధువే. అక్కడ చీర ఉంది, ఇల్లు లేదు. ఇక్కడ రెండూ ఒకే గదిలో ఉన్నాయి, చిత్రకారుడే రాలేదు. చిలమత్తూరు పురుగు దారంతో మొదలై ఈ మగ్గం దాకా వచ్చే పట్టు వెంట నడిస్తే, ఒక పెద్ద చిత్రానికి కావలసిందంతా ఈ నూరు కిలోమీటర్ల లోపే దొరుకుతుంది. నాలుగు పక్కలా కిటికీలున్న షెడ్డు, ఒకే కిటికీ ఉన్న ఇల్లు, వంతులవారీ చాప, గుంతమగ్గం. చూసి గీయగల చెయ్యి కూడా ఈ మట్టికి కొత్త కాదు. నిమ్మలకుంటలో తోలు మీద రామాయణమంతటినీ చెక్కి రంగులద్దే చేతులున్నాయి. వాళ్ళలో దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. అదే ఏడాది కడపలో ఆర్కిటెక్చరుకూ లలితకళలకూ కలిపి ఒక విశ్వవిద్యాలయం పెట్టారు. అక్కడ చదివే పిల్లలు ఒక ఎండాకాలం ఈ సందులో కూర్చోవాలని నా కోరిక. జాలితో వద్దు. లేపాక్షి చిత్రకారుడు చెలికత్తె చీరకు ఇచ్చినంత శ్రద్ధతో కూర్చోవాలి.

ఇదంతా పైకే అన్నాననుకుంటా. ఆ నేతగాడి భార్య బెలోస్ అచ్చును వెలుతురులోకి తిప్పి, అందులో ప్రతి కిటికీనీ వేలితో తడిమి చూసింది. "ఇంతమందిని గీసినాడు గాని, వీళ్ళు ఏం పని జేస్తారో కనపడల్లేదు గదన్నా" అంది. ఆ మాట నిజమే. ఆ న్యూయార్క్ సందులోని గదుల్లో ఎందరో బట్టలు కుట్టి బతికినవాళ్ళు, ఆ కుట్టుపని చిత్రంలోకి రాలేదు. తర్వాత ఆమె మగ్గం వైపు చూపించి చెప్పింది: "ఎవరన్నా మా ఇల్లు గీసేదానికొస్తే, ముందు ఆ గుంత గీయమను. ఆయప్ప కాళ్ళు పొద్దస్తమానం అందులోనే ఉంటాయి. పైనుంచి ఫొటో తీసేవాళ్ళకు ఎవరికీ అవి కనపడవు."